పంపు పలకడం లేదన్న పొద్దున

పాతకాలపు కార్లంటే జనానికి ఎందుకంత మోజో నాకెప్పుడూ అర్థం కాలేదు. మా నాయన దగ్గరున్న కారు స్వాతంత్ర్యానికి ముందు తయారైంది. మెడ్రాసు రాయపురంలో మా సందులోకి కొత్తగా వచ్చినవాళ్లెవరైనా దాని ముందు నిలబడి, గుండ్రటి లైట్లను, ఉబ్బెత్తు మడ్‌గార్డులను మెచ్చుకుని, ఒక ఫొటో తీసుకుని పోతారు. వాళ్లకేం, ఫొటోలో బండి ఆగిపోదు. దాని అందం గురించి దాని పెట్రోలు పంపుతో వేగినవాళ్లను అడగాలి.

ఇప్పటి కార్లలో పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది. ఉన్నదన్న సంగతి కూడా ఎవరికీ పట్టదు. ఈ బండిలో అది ఇంజను వెనక రేకు గోడకు బిగించి, చెంబంత ఉంటుంది. లోపల ఒక రబ్బరు పొర, ఒక కాయిలు, కలిసి విడిపోయే రెండు చిన్న పాయింట్లు. తాళం తిప్పగానే ఆ పాయింట్లు టక్ టక్ టక్ అని కొట్టుకుంటాయి, రబ్బరు పొర ముందుకీ వెనక్కీ ఊగి ట్యాంకులోంచి పెట్రోలు లాగి కార్బురేటరుకు అందిస్తుంది. మొదట గబగబా కొట్టుకుంటుంది. కార్బురేటరు గిన్నె నిండేకొద్దీ నెమ్మదించి ఆగిపోతుంది. ఆ చప్పుడు తెలిసినవాళ్లకు సగం రిపేరు చెవితోనే అయిపోతుంది. అసలు చప్పుడే లేకపోతే కరెంటు అందలేదనో, పాయింట్లు కాలాయనో లెక్క. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే ఎక్కడో గాలి లాగుతోందని, లేదంటే పెట్రోలు పోకూడని చోటికి పోతోందని లెక్క. మా ఇంట్లో దీన్ని పంపు పలకడం అంటారు.

నా ఉద్యోగం అంబత్తూరులో, చిన్న మోటార్లు తయారుచేసే ఒక యూనిట్‌లో. టెస్టింగు సెక్షను నాది. కాపురం మైలాపూరులో. అమ్మానాయనలు మాత్రం రాయపురంలో నేను పుట్టి పెరిగిన ఇంటిని, అక్కడి చేపల రేవు వాసనను వదలరు. నాయన వయసులో ఉన్నప్పుడు సినిమా కంపెనీలో డ్రైవరు. కంపెనీ మూతపడ్డప్పుడు ఈ బండిని ఆయన తీసుకున్నాడు. ఇప్పుడు పాతకాలం కథలు తీసేవాళ్లు, పెళ్లిలో గొప్ప చూపించుకోవాలనుకునేవాళ్లు దాన్ని అద్దెకు పిలుస్తారు. వెనకసీట్లో ఎంత పెద్ద హీరో కూర్చున్నా సరే, స్టీరింగు మాత్రం మా నాయనే పట్టుకోవాలి. ఆ సంగతి ముందే చెప్పి ఒప్పుకుంటేనే బండి గేటు దాటుతుంది.

ఈ మధ్య బండి మొరాయించడం మొదలుపెట్టింది. ఒక షూటింగులో, కెమెరా తిరుగుతుండగా, మలుపు తిరిగి ఠక్కున ఆగిపోయింది. రెండోసారి కూడా అంతే. బండ్లు కుదిర్చే మేనేజరు, ఇంకోసారి ఆగితే వేరే బండి చూసుకుంటామని మొహం మీదే అన్నాడట. ఈ మాట నాకు ఫోనులో చెప్పింది అమ్మ. నాయన ఫోను ముట్టుకోడు. ఫోనులో మాట్లాడేవాళ్లంతా పనిలేనివాళ్లని ఆయన అభిప్రాయం అనుకునేదాన్ని. మేనేజరుతో మాట్లాడేదీ, మెకానిక్కును పిలిచేదీ, నాతో పోట్లాడేదీ అన్నీ అమ్మే.

"పాపా, ఆదివారం రా. నాయన అన్నం సరిగా తినడంల్యా. బండి పోతే ఆయనా పోతాడు," అంది.

అమ్మ మాటలకు నేను సగం తగ్గించి అర్థం చేసుకుంటాను. అయినా వెళ్లాను.

ముందు టెస్టు లైటు పెట్టి చూశాను. ఒక చిన్న బల్బు, రెండు వైర్లు, అంతే. పంపు టెర్మినలుకు ఒక కొస, బాడీకి ఒక కొస ఆనించి తాళం తిప్పితే బల్బు నిండుగా వెలిగింది. కరెంటుకు లోటు లేదు. తర్వాత కార్బురేటరు దగ్గర పైపు ఊడదీసి, దాని కొసను ప్లాస్టిక్ సీసాలో పెట్టి తాళం తిప్పమన్నాను. పెట్రోలు ధారగా రావాల్సింది, బుడగలు బుడగలుగా, ఏడవలేక నవ్వినట్టు వచ్చింది. పంపు విప్పి చూస్తే రబ్బరు పొర నానిన అప్పడంలా ఉంది, వేలు పెడితే లోపలికి దిగింది. ఇప్పటి పెట్రోల్లో స్పిరిటు కలుపుతున్నారు కదా, ఆ కాలపు రబ్బరు దానికి తట్టుకోలేదు. బండ్ల సామాన్లు అమ్మే జీపీ రోడ్డులో వెతికి కొత్త పొర తెప్పించి వేశాను, పాయింట్లు రుద్ది శుభ్రం చేశాను.

బిగించాక ఎప్పటిలాగే వాళ్లిద్దరి తంతు నడిచింది. నాయన డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని బానెట్ ముందు నిలబడుతుంది. ఆయన తాళం తిప్పి ఆమె వైపు చూస్తాడు. ఆమె తల ఊపుతుంది. ఆయన స్టార్టు చేస్తాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కాకపోయినా, చాలా ఏళ్లుగా ఇదే వరస.

"ఏందమ్మా, ఆ పంపుక్కూడా కాఫీ పోస్తావా?" అన్నాను.

"పోస్తా. నీ మాదిరి నోరు లేదు దానికి," అని అమ్మ నవ్వింది. నాయన కూడా మా ఇద్దరి మొహాలు చూసి నవ్వాడు.

మర్నాడు పొద్దునే షూటింగు. నేను సెలవు పెట్టి రాత్రికి అక్కడే ఉండిపోయాను. బండి అద్దెకు బయలుదేరే ముందు అమ్మ దానికి హారతి ఇస్తుంది. చక్రాల కింద నిమ్మకాయలు, అద్దం మీద పసుపు కుంకుమ, పళ్లెంలో కర్పూరం. మా సందులో ఆటోలకు, చేపల లారీలకు కూడా ఇదే మర్యాద జరుగుతుంది. అమ్మ స్నానం చేసి పళ్లెం సర్దుకోవడానికి లోపలికి పోయింది. ఆలోగా నేను ఎందుకైనా మంచిదని ఇంకోసారి ధార చూద్దామనుకుని పైపు ఊడదీసి సీసాలో పెట్టాను. అప్పుడు కనబడింది, పైపుకు వేసే క్లిప్పు పగిలి ఉండటం. పాత క్లిప్పుతో పంపిస్తే దారిలో ఊడిపోతుంది.

"నాయనా, క్లిప్పు తెస్తా ఉండా. తాళం తిప్పబాక," అని చెప్పి చెప్పులేసుకుంటూ బయటికి నడిచాను. సందు చివర సైకిలు షాపు ఉంది, అక్కడ దొరుకుతుంది.

క్లిప్పు కొనుక్కుని వెనక్కి వచ్చేసరికి ఎంతసేపు పట్టి ఉంటుంది, ఒక కాఫీ తాగినంత సేపు. గేటు ఇంకా కొంచెం దూరం ఉండగానే పంపు చప్పుడు వినబడింది. టక్ టక్ టక్ టక్. గబగబా, ఆగకుండా. నెమ్మదించడం లేదు. ఒక్క క్షణం నాకు కోపమే వచ్చింది, తిప్పొద్దని చెప్పాను కదా అని. తర్వాతి అడుగులో వాసన తగిలింది, ఆ తర్వాత కాళ్లు వాటంతట అవే పరుగెత్తాయి.

షెడ్డులో సీసా ఎప్పుడో నిండిపోయి, పొర్లి, ఒరిగి పడి ఉంది. పైపు కొస నుంచి పెట్రోలు ధారగా, బుడగ లేకుండా, నేను కోరుకున్నంత చక్కగా కిందికి పోస్తోంది. ఇంజను కింద నుంచి సిమెంటు నేల మీద పారి ఇంటి గడప దాకా పోయింది. డ్రైవరు సీటు తలుపు తెరిచి ఉంది. నాయన కాళ్లు బయట, తల లోపల డాష్‌బోర్డు కింద. ఫ్యూజు వైర్లు గీకుతున్నాడు.

"నాయనా! ఆఫ్ చెయ్! ఆఫ్ చెయ్!" అని అరిచాను.

ఆయన కదల్లేదు.

ఇంకోసారి అరిచాను. నా గొంతు చిన్నది కాదు, మా యూనిట్‌లో మిషన్లు తిరుగుతుండగా అటు చివరికి వినబడుతుంది. ఎదురింటివాళ్లు బయటికి వచ్చారు. కుక్క మొరిగింది. నాయన మాత్రం తన పాటికి తాను వైరు గీక్కుంటున్నాడు. బెదిరినట్టుగానీ, విసుక్కున్నట్టుగానీ ఒక్క వేలు కదల్లేదు. గుండెపోటేమో అనుకున్నాను. కాదు, చేతులు కదులుతున్నాయి. మరి ఎందుకు పలకడు?

అదే సమయానికి అమ్మ లోపలి గది నుంచి వచ్చింది. తడి జుట్టుకు తువ్వాలు, చేతిలో పళ్లెం, పళ్లెంలో కర్పూరం ఎర్రగా మండుతోంది.

"అమ్మా, ఆడనే నిలబడు! కింద పెట్రోలు!" అన్నాను.

ఆమె ఆగింది. నన్ను చూసింది, నేలను చూసింది, నాయన కాళ్లను చూసింది. అమ్మయ్య, అర్థమైంది, ఇక వెనక్కి పోతుంది అనుకున్నాను. ఎవరైనా అదే చేస్తారు. మా అమ్మ పళ్లెంతో సహా ఆయన వైపు పరుగెత్తింది.

ఆమెకు మతిపోయిందనుకున్నాను. హారతిని నోటితో ఆర్పడం మా ఇళ్లల్లో ఎవరూ చేయరు, దానంతట అది కొండెక్కాలి. ఆ అలవాటు ఒళ్లంతా పట్టి ఉన్న మనిషికి చేతిలో మంట ఉందని, దాన్ని ఆర్పవచ్చని తోచనే లేదు. పారేయాలని కూడా తోచలేదు, అదే మేలైంది. నేను గడప మీద ఆమె మణికట్టు దొరకబుచ్చుకుని, రెండో అరచేతిని కర్పూరం మీద బోర్లించి అదిమేశాను. కర్పూరం చర్మానికి అంటుకుని కాలుతుందని ఆ రోజే తెలిసింది.

అమ్మ నన్ను విదిలించుకుని, పెట్రోల్లో తడబడుతూ పోయి నాయన కాలు పట్టుకుని గట్టిగా లాగింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. తల స్టీరింగుకు కొట్టుకుంది. బయటికి వచ్చి, నుదురు రుద్దుకుంటూ మా ఇద్దరినీ చూశాడు.

"పంపు పలకడంల్యా. కరెంటు రాలేదు," అన్నాడు.

పంపు పలుకుతూనే ఉంది. మేము ముగ్గురం దానికి మూరెడు దూరంలో ఉన్నాం. టక్ టక్ టక్ టక్. నేను ఆయన మొహం చూశాను. వేళాకోళం కాదు. ఆ మాట ఆయన నిజంగా, బాధగా అంటున్నాడు. నేను చెయ్యి చాచి తాళం తిప్పాను. చప్పుడు ఆగిపోయింది. షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. నాయన మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు, ఏమీ ఆగనట్టే నన్ను చూస్తున్నాడు. మంట చూసినప్పుడు కూడా నేను అంత భయపడలేదు.

ఎదురింటివాళ్లు సందులో ఇల్లు కడుతున్న చోటి నుంచి ఇసుక తట్టలతో తెచ్చి పోశారు. బండిని అందరం కలిసి బయటికి తోశాం. షూటింగు నుంచి ఫోను వచ్చింది. "ఈరోజు బండి రాదు," అని అమ్మ చెప్పి పెట్టేసింది. కాలిన నా చేతికి ఎవరో పళ్ల పేస్టు రాశారు. కాసేపటికి అందరూ పోయాక మేము ముగ్గురం మెట్ల మీద మిగిలాం.

"ఎప్పట్నించి?" అని అడిగాను అమ్మను.

ఏది, ఏంటి అని ఆమె బుకాయించలేదు.

"నీ కొడుకు పుట్టినప్పుడు బాగనే ఇనబడతా ఉండె. వాడు బడికి పోయే నాటికి తగ్గింది. మెల్లమెల్లంగా పాయ పాపా. ఇప్పుడు అసలుకే ల్యా."

నా కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. అన్నేళ్లు! వీలైనప్పుడల్లా వచ్చి ఆయనతో అన్నం తిన్నాను. ఆయన నవ్వితే నవ్వాను. నేను పిలిస్తే పలకకపోతే పంతమనుకున్నాను, మొండి అనుకున్నాను, మా అత్తగారి ముందు అట్లాగే చెప్పుకున్నాను కూడా.

అమ్మ చెప్పుకుంటూ పోయింది, నేను అడగకుండానే, మోసినవాళ్లు మూట దించినట్టు. ఆ కాఫీ గ్లాసు, ఆ తల ఊపడం అందుకే. పంపు పలికిందో లేదో ఆమె విని చెబితేనే ఆయన స్టార్టు చేసేది. షూటింగులకు ఈమె కూడా ముందుసీట్లో ఎక్కి పోతుంటే, ముసలివయసులో సినిమా పిచ్చి పట్టిందని మేమంతా ఆటపట్టించాం. దారి పొడుగునా ఆమె చెయ్యి ఆయన మోకాలి మీద ఉండేదట. వెనక హారను కొడితే ఒకసారి తట్టేది. లారీ అయితే గట్టిగా నొక్కేది. షూటింగులో కెమెరా పక్కన స్టూలు వేయించుకుని కూర్చునేది. వాళ్లు యాక్షన్ అనగానే కొంగు దులుపుకునేది. అది చూసి ఆయన బండి కదిలించేవాడు. సినిమా వాళ్లకెవరికీ అనుమానం రాలేదు, పైగా ఆయన టైమింగును మెచ్చుకునేవారట.

ఆ రోజు పొద్దున ఆమె హారతి పళ్లెం సర్దడానికి లోపలికి పోయింది. నేను వీపు తిప్పి మాట చెప్పి పోయాను. ఆయనకు ఎవరూ మిగల్లేదు. తాళం తిప్పాడు, బానెట్ ముందు తల ఊపే మనిషి లేదు, పంపు చచ్చిందనుకున్నాడు. పెట్రోలు వాసనంటారా, ఆ షెడ్డులో అది ఎప్పుడూ ఉండేదే.

నాకు ఒళ్లు మండిపోయింది. దయ, జాలి అన్నీ తర్వాత వచ్చాయి, ముందు వచ్చింది కోపమే.

"మెడ్రాసు రోడ్ల మీద చెవులు లేని మనిషి చేత బండి తోలిస్తావా? పక్కన నువ్వు కూర్చుంటావా? ఇద్దరూ కాలి బూడిదయ్యేవాళ్లు ఈరోజు. నాతో ఒక్క మాట చెప్పడానికి ఏం రోగం నీకు?"

"సెప్తే తోలనిస్తావా?" అంది అమ్మ. "బండి తీసేస్తే ఆయన ఈడ కూసోని ఏం జేస్తాడు? గోడ జూస్తాడా?"

నాయన మా నోళ్ల వైపు అటూ ఇటూ చూస్తున్నాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకూ తెలిసింది. పెట్రోలుతో తడిసిన లుంగీ అంచు పిండుకుంటూ కూర్చున్నాడు. అంత చిన్నగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఆ వారంలోనే మైలాపూరులో ఒక చెవుల క్లినిక్‌కు తీసుకుపోయాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోను పెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా బటను నొక్కమన్నారు. అద్దం ఇవతల ఒక అమ్మాయి మిషను మీద మీటలు కదుపుతోంది. నాయన వరసగా నొక్కుతున్నాడు, ఒక్కటీ తప్పడం లేదు. నాకు ఆశ పుట్టింది. పొరపాటు పడ్డామేమో, చెవిలో గుబిలి పట్టి ఉంటుందేమో అనుకున్నాను. ఆ అమ్మాయి కొంచెం ఆలోచించి, కుర్చీ తిప్పుకుని ఆయనకు వీపు పెట్టి కూర్చుని మళ్లీ మీటలు కదిపింది. ఈసారి ఆయన బటను ఒక్కసారి కూడా నొక్కలేదు. అద్దం వెనక ఆయన ఆ అమ్మాయి వీపును కన్నార్పకుండా చూస్తున్నాడు, భుజం ఎప్పుడు కదులుతుందా అని. అమ్మ అటు చూడలేక తల దించుకుంది.

వినికిడి కాస్త మిగిలి ఉందని, చెవి మిషను పెడితే పనిచేయవచ్చని చెప్పారు. ముందు ఒకటి పెట్టి చూద్దామన్నారు. ఆ అమ్మాయి దాన్ని రెండు చెవుల్లో అమర్చి, ఏదో సరిచేసి, ఆయన ఎదురుగా కూర్చుని పేరు అడిగింది. ఆయన చెప్పాడు. నోరు కనబడకుండా కాగితం అడ్డం పెట్టుకుని ఊరు అడిగింది. అదీ చెప్పాడు. చెప్పి, తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. తర్వాత రోడ్డు వైపు. కళ్లు పెద్దవి చేసుకుని, కొత్త ఊళ్లో దిగినవాడిలా చూస్తున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. సరే, ఇది చెవిలో ఉంటేనే స్టీరింగు అని ఆయనతో గట్టిగా చెప్పాలని మనసులో అనుకున్నాను.

ఆయన వెనక కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. వస్తువులన్నీ సంచిలో సర్దుకుంటూ, మామూలుగా, ఎవరితోనో అన్నట్టు అంది.

"పొద్దు పోతా ఉండాది. ఇంటికి పోయి కూర వండాల."

నాయన వెనక్కి తిరగలేదు. నా వైపు వంగి, గొంతు తగ్గించి, బయటివాళ్ల సంగతి అడిగినట్టు అడిగాడు.

"ఎవురు మే, ఆ మాట్లాడే ముసిలామె?"